లెక్కకు సాక్షి యెవరు?

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ శాసనముతో మన దేశపు అణువిద్యుత్తు చరిత్రలో నొక క్రొత్త యధ్యాయము ప్రారంభమైనది. 1962 నాటి అణుశక్తి శాసనము తొలగి, యంతవరకు ప్రభుత్వమునకే పరిమితమైయున్న యీ రంగమున ప్రైవేటు సంస్థలకును ద్వారములు తెరువబడినవి. 1983 మొదలు కేవలము ప్రభుత్వపు టుత్తరువు బలముననే నిలిచియుండిన అణుశక్తి నియంత్రణ మండలికి శాసనబద్ధమైన ప్రతిపత్తి లభించినది. 2047 నాటికి లక్ష మెగావాట్ల యణువిద్యుత్తును సమకూర్చుకొనవలెనని ప్రభుత్వమువారు సంకల్పించియున్నారు. 2025లో దేశముననున్న అణువిద్యుత్కేంద్రముల మొత్తము శక్తి తొమ్మిదివేల మెగావాట్లకు లోపే. ఉన్నదానికి పదిరెట్లకు మించి కట్టదలచినవారు ఎంత త్వరపడుదురో పాఠకులే యూహింపగలరు.

ఈ శాసనమును గూర్చి జరిగిన చర్చలో నష్టపరిహారమును గూర్చి మాటాడినవారు కలరు. విదేశపు కంపెనీలను గూర్చి మాటాడినవారు కలరు. యూనిటు ధరను గూర్చి మాటాడినవారును కలరు. అవన్నియు అవసరములైన ప్రశ్నలే. కాని వాటియన్నిటికిని మూలమైన ప్రశ్న యొకటి దాదాపు ఎవరి నోటను రాలేదు. రియాక్టరు లోపలి భాగములు వేడికిని, ఒత్తిడికిని, న్యూట్రానుల తాకిడికిని సాగి, వంగి, ఉబ్బి, పగులుచుండగా, ‘ఫరవాలేదు, ఇంకను పది సంవత్సరములు నడుపవచ్చును’ అని చెప్పునది యొక కంప్యూటరు లెక్క. ఆ లెక్క నిజమని చెప్పు సాక్షి యెవరు? మేము నేడు విచారింపబూనినది యీ ప్రశ్ననే.

ఇది యింజనీర్ల కులవిద్య, మనకేల యని పాఠకులు విడిచిపెట్టకుందురుగాక. వంతెన వంగిన కంటికి కనబడును. గోడ పగిలిన వ్రేలితో తడవి చూడవచ్చును. రియాక్టరు గర్భము అట్టిది కాదు. ఒకసారి మండుట కారంభించిన పిమ్మట మానవుడు దాని చెంతకు పోజాలడు. నిలిపిన తరువాతనైనను దూరమునుండి గొట్టముల ద్వారా యంత్రములను పంపి, యిక్కడ కొంత, అక్కడ కొంత చూచి రావలసినదే. చూచిన కొలదిభాగమునుబట్టి చూడని భాగమంతయు నెట్లున్నదో, నేటి స్థితినిబట్టి పదేండ్ల పిమ్మట నెట్లుండునో చెప్పవలసిన భారము లెక్కమీద పడుచున్నది. కనుక అణువిద్యుత్కేంద్రమునకు సమీపమున నివసించు ప్రతి కుటుంబమును, తనకు తెలియకయే, యొక లెక్కను నమ్ముకొని నిద్రించుచున్నది.

లోపల జరుగు మార్పులు సామాన్యమైనవి కావు. మన దేశమున హెచ్చుగానున్న భారజలపు రియాక్టర్లనే చూడుడు. 220 మెగావాట్ల రియాక్టరొక్కదానిలో 306 ప్రెషరు గొట్టములు అడ్డముగా అమర్చబడియుండును. ఇంధనపు బరువును మోయుచు, దాదాపు 300 డిగ్రీల వేడిగల భారజలమును మిక్కుటమైన పీడనముతో వహించుచు, రేయింబవళ్లు న్యూట్రానుల తాకిడికి గురియగుచుండుటచే, జిర్కోనియము మిశ్రలోహముతో చేసిన యీ గొట్టములు ఏటేట పొడవున సాగును, అడ్డుకొలత పెరుగును, నడుమ క్రిందికి జారును. ఒక్కొక్క గొట్టముచుట్టు మరియొక గొట్టముండును. దాని వెలుపల నున్నది చల్లని భారజలము. ఈ రెండు గొట్టములు నొకదానినొకటి తాకకుండుటకై నడుమ సన్నని స్ప్రింగు చుట్టలు అమర్చుదురు. వంగిన గొట్టము చుట్ట లేనిచోట వెలుపలి గొట్టమును తాకెనేని, ఆ చోట చల్లబడును. చల్లబడినచోటికి లోహములోని హైడ్రోజను చేరి పొక్కు కట్టును. పొక్కునుండి పగులు పుట్టును. ఏ గొట్టము ఎన్ని సంవత్సరములకు తాకునో ముందుగా చెప్పునది లెక్కయే.

శీఘ్రగామి న్యూట్రానులతో నడచు బ్రీడరు రియాక్టర్లలో సంగతి మరింత సున్నితమైనది. అందు ఇంధనపు కట్టలు ఆరుమూలల ఉక్కు గొట్టములలో నిలువుగా, ఒకదాని ప్రక్క నొకటిగా నిలిచియుండును. కేంద్రమువైపు వేడి యెక్కువ, వెలుపలివైపు తక్కువ. ఆ భేదమువలన కట్టలు విల్లువలె వంగును. ఇంధనము కేంద్రమునకు దగ్గరైన బయటికి తప్పించుకొనిపోవు న్యూట్రానులు తగ్గి శక్తి పెరుగును. దూరమైన శక్తి తగ్గును. మిల్లీమీటర్లతో కొలువదగిన కదలికయే రియాక్టరు శక్తిని మార్చగలదు. అనగా నిచ్చట వంకర యనునది కేవలము లోహమునకు కలిగిన లోపము కాదు. అగ్నిని పెంచునో తగ్గించునో నిర్ణయించు కీలకము.

ఈ సత్యమును లోకము పుస్తకమునుండి నేర్వలేదు. అమెరికాలో ఐడహో యెడారియందు నిర్మించిన ఇ.బి.ఆర్-1 అను చిన్న రియాక్టరు 1951 డిసెంబరు 20న నాలుగు దీపములను వెలిగించి, అణుశక్తివలన విద్యుత్తు పుట్టించిన మొదటి రియాక్టరుగా ప్రసిద్ధికెక్కినది. దానియందు, శక్తి పెరిగినకొలది మరింత పెరుగజూచు వింత స్వభావమొకటి శాస్త్రజ్ఞులకు కనబడెను. దాని మర్మము తెలిసికొనుటకై 1955 నవంబరు 29న శీతలద్రవప్రవాహమును ఆపి యొక పరీక్ష చేసిరి. నిలుపుటలో కొలది క్షణముల జాగు జరిగినది. ఇంధనములో చాలభాగము కరగిపోయెను. ఎవరికిని అపాయము కలుగలేదు గాని, గర్భము పాడైపోయినది. విచారింపగా, సన్నని యింధనపు కడ్డీలు వేడికి లోపలివైపునకు వంగుటయే యా వింత స్వభావమునకు కారణమని తేలెను. ఆ నిర్ణయము నిజమో కాదో చూచుటకు వారు చేసిన పని మెచ్చదగినది. కడ్డీలు వంగకుండ గట్టిగా బిగించి మరియొక గర్భమును నిర్మించి మరల నడిపిరి. వింత స్వభావము మాయమైనది. వాదము ప్రయోగముచేత ఋజువైనది. సాక్షి యన నట్లుండవలెను.

ఇంకొక పాఠము స్కాట్లండులోని డూన్రే రియాక్టరునుండి వచ్చినది. శీఘ్రగామి న్యూట్రానుల తాకిడికి ఉక్కునందు కంటికి కనబడని సూక్ష్మరంధ్రములు పుట్టి, లోహము ఉబ్బునని 1967లో అచ్చటి యింధనపు కవచములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంతకుముందు ఇంధనపు కట్టల రూపమును గూర్చి చేసిన లెక్కలలో ఈ ఉబ్బునకు స్థానమే లేదు. ఆ లెక్కలు చేసినవారు అసమర్థులు కారు; కూడికలలో తప్పు లేదు. ఎరుగని సంగతిని లెక్కలో చేర్చుట యెవరికి సాధ్యము? లెక్క తన్ను అడిగిన ప్రశ్నకే సమాధానము చెప్పును. అడుగని ప్రశ్నను అది గుర్తుచేయదు.

మూడవది కెనడా దేశపు అనుభవము. ఇది మనకు మరింత దగ్గరిది; ఏలయన మన భారజలపు రియాక్టర్ల వంశమున కాదిపురుషుడు కెనడా రియాక్టరే. ప్రెషరు గొట్టము పగులుటకు ముందు కొంతకాలము కారుననియు, ఆ కారుటయే హెచ్చరికయై రియాక్టరును నిలుపుటకు వ్యవధి నిచ్చుననియు అచ్చటి యింజనీర్లు విశ్వసించియుండిరి. 1983 ఆగస్టు 1న పికరింగు కేంద్రములోని రెండవ రియాక్టరున నొక గొట్టము ముందు హెచ్చరిక లేకయే దాదాపు రెండు మీటర్ల పొడవున చీలిపోయెను. స్ప్రింగు చుట్ట తన స్థానమునుండి జరిగిపోయినందున గొట్టము వంగి వెలుపలి గొట్టమును తాకి, పైన మేము వర్ణించిన పొక్కులు కట్టినవి. పనివారి జాగరూకతవలన రియాక్టరు క్షేమముగా నిలిచినది. కాని ఆ రియాక్టరును, దానితోడి మొదటి రియాక్టరును గొట్టములన్నిటిని మార్చి వేరొక మిశ్రలోహపు గొట్టములు వేయవలసివచ్చినది. సంవత్సరముల కాలము గడచినది. చుట్ట తాను పెట్టినచోటనే యుండునన్న ఒక చిన్న నమ్మకము తలక్రిందులైనందుకు చెల్లించిన మూల్యమిది.

ఈ మూడు కథలను చెప్పుట కంప్యూటరులను నిందించుటకు కాదు. కంప్యూటరు లేనిదే నేటి రియాక్టరు లేదు. లెక్కను నమ్ముటకు ముందు దానిని పరీక్షించుట యెట్లో తెలిసికొనుటకు మాత్రమే. ఈ శాస్త్రమున రెండు ప్రశ్నలను వేరువేరుగా అడుగుట వాడుక. మనము వ్రాసికొన్న సమీకరణమును కంప్యూటరు తప్పులేకుండ సాధించినదా యనునది మొదటిది. ఆ సమీకరణము లోకమున జరుగుదానికి సరిపోవునా యనునది రెండవది. మొదటిది గణితమునకు సంబంధించినది. చేతితో సాధింపదగిన సులభమైన సమస్యలను కంప్యూటరున కిచ్చి సరిచూడవచ్చును. రెండవదానికి మాత్రము కొలత కావలెను. ఎన్ని పుటల గణితమైనను ఒక నిజమైన కొలతకు బదులు కానేరదు.

ఈ రెంటి నడుమ మరియొక పద్ధతి కలదు. ఒకే సమస్యను వివిధ దేశములవారు తమతమ ప్రోగ్రాములతో సాధించి, ఫలితములను సరిపోల్చుకొందురు. శీఘ్రగామి రియాక్టర్ల కట్టల వంకరలను లెక్కించు ప్రోగ్రాముల విషయమున అంతర్జాతీయ అణుశక్తి సంస్థవారు 1980 దశకపు చివరిభాగమున నిట్టి కార్యమును జరిపించిరి. ఇది మిక్కిలి ఉపయోగకరము. ఒకరి ప్రోగ్రామునందలి పొరపాటు పదుగురి నడుమ పెట్టినపుడు బయటపడును. అయినను ఒక హెచ్చరిక అవసరము. పదుగురి లెక్కలు ఏకీభవించినంతమాత్రమున అది సత్యము కానక్కరలేదు. పదుగురును ఒకే గ్రంథమునుండి ఒకే ఊహను గ్రహించియుందురేని, పదుగురును ఒకే త్రోవన తప్పిపోవుదురు. 1967కు ముందు ఉక్కు ఉబ్బును గూర్చి జరిగినది అదియే. సాక్షులు పదిమంది యని మురియుటకు ముందు, వారందరును ఒకే యింటివారా యని విచారింపవలసియున్నది.

పరీక్షించు విధానమునకు ఇటీవలి మేలైన ఉదాహరణము బ్రిటనునుండి చూపవచ్చును. స్కాట్లండులోని హంటర్‌స్టన్-బి కేంద్రమున రియాక్టరు గర్భము గ్రాఫైటు ఇటుకలతో కట్టబడినది. గ్రాఫైటు న్యూట్రానుల తాకిడికి మొదట ముడుచుకొని, తరువాత ఉబ్బును. ఆ మార్పు ఇటుక లోపల ఒకరీతిగా, వెలుపల ఒకరీతిగా జరుగుటచే, వయసు మీరిన ఇటుకలు వాటి గాళ్ల మొదళ్లయొద్ద పగులునని లెక్కలు ముందే చెప్పినవి. పగుళ్లు వచ్చుటను గూర్చి లెక్క తప్పలేదు. కాని 2018 మార్చిలో మూడవ రియాక్టరును నిలిపి చూడగా, అవి అనుకొన్నదానికంటె వేగముగా వచ్చుచున్నట్లు తేలెను. అనుమతింపబడిన పరిమితి 350 పగుళ్లు. చూచినదానినిబట్టి కట్టిన అంచనా సుమారు 370. రియాక్టరు మరల తెరువబడుటకు 2020 ఆగస్టు వరకు పట్టినది.

ఆ రెండు సంవత్సరములకు పైబడిన కాలమున నడచిన వాదమంతయు ఒక్క ప్రశ్నను గూర్చియే. ఇటుకలు ఇన్ని పగిలిన గర్భము భూకంపమున ఊగినపుడు దారులు వంకరపోయి, రియాక్టరును ఆర్పవలసిన నియంత్రణపు కడ్డీలు దిగకుండ చిక్కుకొనునా? నిజమైన రియాక్టరును కుదిపి చూచుట యెవరికిని సాధ్యము కాదు. కనుక కంప్యూటరు లెక్కయే శరణ్యము. అయితే ఆ లెక్కను వారు గ్రుడ్డిగా నమ్మలేదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున గ్రాఫైటు గర్భపు నమూనాను నిజరూపమున నాలుగవవంతు కొలతతో నిర్మించి, పగిలిన ఇటుకలకు ప్రతిగా పగిలిన నమూనాలనే అందు కూర్చి, కంపించు వేదికపై నెక్కించి కుదిపి, ఇటుకల కదలికలను కొలిచి, కంప్యూటరు చెప్పినదానితో పోల్చి చూచిరి. అచ్చటి నియంత్రణాధికారులు తమ యభిప్రాయమును, కారణములతోసహా, పౌరులు చదువుకొనునట్లు ప్రకటించిరి. తుదకు 2021 నవంబరున మూడవ రియాక్టరును, 2022 జనవరిన నాలుగవదానిని శాశ్వతముగా మూసివేసిరి. నడుపనిచ్చుట ఒప్పా తప్పా యని అచ్చటివారిలో భిన్నాభిప్రాయములు కలుగవచ్చును. కాని లెక్క యేది, కొలత యేది, రెంటికిని భేదమెంత యను మూడు సంగతులును ప్రజల ముందుంచబడినవి. ఆక్షేపించువానికిని ఆధారము దొరకినది.

ఇంత చేసినను కొన్ని ప్రశ్నలకు సమాధానము దొరకకపోవచ్చును. ఫ్రాన్సులోని ఫీనిక్సు రియాక్టరు 1989లో మూడుసార్లును, 1990లో ఒకసారియు, కన్నుమూసి తెరచునంతలో శక్తి పడిపోయి తనంతట తానే నిలిచిపోయినది. గర్భములోని కట్టలు పూవువలె ఒక్కక్షణము విచ్చుకొని మరల ముడుచుకొనెనేమో యని శాస్త్రజ్ఞు లూహించిరి. ఏండ్లతరబడి విచారించిరి. 2009లో ఆ రియాక్టరు నిలిపివేయబడినది. సంపూర్ణముగా అందరును అంగీకరించిన సమాధానము మాత్రము లభింపలేదు. ఫ్రెంచివారు దానిని దాచలేదు. ‘మాకు తెలియలేదు’ అని చెప్పుట శాస్త్రమునకు అవమానము కాదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుటయే అవమానము.

ఇక మన యింటి సంగతి. కల్పాక్కమున శీఘ్రగామి పరీక్షా రియాక్టరు 1985 అక్టోబరున మొదటిసారి మండినది. 1987 మే నెలలో ఇంధనపు కట్టలను మార్చు సమయమున నొక కట్ట అడ్డుపడి, లోపలి భాగములు వంగి, సుమారు రెండు సంవత్సరములు రియాక్టరు నిలిచిపోయినది. మన శాస్త్రజ్ఞులు పరాయివారి సహాయమునకు ఎదురుచూడక, వంగినదానిని వెలికితీయు పనిముట్లను తామే కల్పించుకొని, రియాక్టరును మరల నడిపిరి. ఆ యనుభవముతోనే అచ్చట 500 మెగావాట్ల బ్రీడరు రియాక్టరు నిర్మింపబడి, 2024 మార్చి 4న ప్రధానమంత్రి సమక్షమున గర్భమును నింపు కార్యము ప్రారంభమైనది. ఈ కృషి యెడల మాకు గల గౌరవము నిండైనది. గౌరవమున్నచోటనే ప్రశ్నించు చనువును ఉండవలెనని మా మతము.

ఈ విషయమున తెలుగువారి కొక ప్రత్యేకసంబంధమును కలదు. దేశములోని భారజలపు రియాక్టర్లకు కావలసిన జిర్కోనియము గొట్టములు హైదరాబాదునందలి అణుఇంధన సంస్థయందు తయారగుచున్నవి. అచ్చట మన పనివారి చేతిమీదుగా వెడలిన గొట్టమే రాజస్థానమునందో, గుజరాతునందో, కర్ణాటకమునందో రియాక్టరు గర్భమున చేరి, సంవత్సరములకొలది సాగుచు, వంగుచు, లెక్కలకు లోబడుచునో లోబడకయో యుండును. మరియు శ్రీకాకుళము జిల్లా కొవ్వాడయందు ఆరు అమెరికా రియాక్టర్లను నెలకొల్పు ప్రతిపాదన బహుకాలముగా నున్నది. అవి వచ్చుననియే యనుకొందము. వాటితోకూడ వాటి లెక్కలును సముద్రము దాటి వచ్చును. వాటిని చదివి, తప్పుపట్టగలవా రెవరైన ఈ గట్టున నుందురా?

గుజరాతులోని కాక్రపార మొదటి రియాక్టరు కథ మరువదగినది కాదు. దాని గొట్టములన్నిటిని మార్చి 2011లో మరల నడుపసాగిరి. పాతవానికంటె మేలైన మిశ్రలోహము, క్రొత్త గొట్టములు, లెక్క ప్రకారము దీర్ఘాయువు. అయినను 2016 మార్చి 11న నొక గొట్టము పగిలి భారజలము కారినది. అది వంగుటవలన గాని సాగుటవలన గాని కాదు. గొట్టపు వెలుపలి ముఖమున, ఎవరును ఎదురుచూడనిచోట, తుప్పు మచ్చలు పట్టినవి. రియాక్టరు క్షేమముగా నిలిచినది. గొట్టములన్నియు మరల మార్చబడి 2019లో అది తిరిగి నడచినది. వంకరను వెదకు కన్ను తుప్పును చూడలేదు. డూన్రే నేర్పిన పాఠమే మన గడపకును వచ్చినది: లెక్క అడిగినదానికే బదులు చెప్పును.

పూర్వము మన గ్రామములలో కరణము లెక్కలు వ్రాయుచుండెను. ఆ లెక్కలను కరణమే సరిచూచుకొనుట చాలునని యే సర్కారును అనలేదు. జమాబందీకి వేరొక యధికారి వచ్చి, చిట్టాను దగ్గరపెట్టుకొని, పొలము గట్టున నిలిచి గొలుసుతో కొలిపించి చూచుచుండెను. కరణము దొంగ యని కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు గనుక. తాను కన్న లెక్క తనకు ముద్దు. అయిదెకరముల చేనికి అవసరమైన జాగ్రత్త రియాక్టరు గర్భమునకు అనవసరమా?

మన దేశమున ఇంతకాలము లెక్కచేయువారును, నడుపువారును, తనిఖీ చేయువారును ఒకే కుటుంబమువారుగా నుండిరి. నియంత్రణ మండలి అణుశక్తి సంఘమునకు లోబడియుండుటయు, ఆ సంఘాధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శిగా నుండుటయు ఎల్లరకు తెలిసినదే. మండలికి తగిన స్వాతంత్ర్యము లేదని 2012లో కంప్ట్రోలరు ఆడిటరు జనరలుగారు విమర్శించిరి. క్రొత్త శాసనము మండలికి శాసనబద్ధతను ఇచ్చినది, సంతోషము. కాని శాసనము కుర్చీని ఈయగలదు గాని కన్నును ఈయలేదు. తనదైన ప్రోగ్రాము, తనదైన గణకులు, తనదైన ప్రయోగశాల లేని మండలి, పరుల లెక్కక్రింద సంతకము చేయుటకంటె నేమి చేయగలదు? ప్రైవేటు సంస్థలు ప్రవేశించిన పిమ్మట ఈ ప్రశ్న మరింత తీవ్రమగును. నేటివరకు ‘దేశరహస్య’ మనబడినది రేపు ‘వ్యాపారరహస్య’ మనబడును. పేరు మారును, మూసిన తలుపు మూసినట్లే యుండును.

కావున మేము నాలుగు సంగతులను కోరుచున్నాము. మొదటిది: గర్భపు రూపమార్పులను గూర్చిన ప్రతి ముఖ్యమైన లెక్కను, దానిని వ్రాసినవారితో సంబంధము లేని మరియొక బృందము, వేరొక ప్రోగ్రాముతో మరల చేయవలెను. ఫలితముల పట్టికను మాత్రమే కాక, మూలమైన నమూనాను, అందలి ఊహలను మండలి చేతికీయవలెను. విదేశపు కంపెనీయైనను, స్వదేశపు కంపెనీయైనను, ఈయనివారికి అనుమతి యుండరాదు. మన విశ్వవిద్యాలయములయందును, ఐ.ఐ.టి.లయందును ఇట్టి పనికి సమర్థులైన యువకులకు కొరత లేదు; పిలుచువారికే కొరత.

రెండవది: కొలుచుటకు ముందే, లెక్క ఏమి చెప్పుచున్నదో వ్రాసి ముద్రవేసి మండలియొద్ద ఉంచవలెను. కొలత వచ్చిన పిమ్మట కాగితమును విప్పవలెను. కొలతను చూచి లెక్కలోని అంకెలను సవరించి, ‘చూచితిరా, సరిపోయినది’ అనుట పరీక్ష కాదు. జవాబును చూచి సమస్యను సాధించిన బాలుని నేర్పు. మూడవది: సరిపోయిన లెక్కలతోపాటు తప్పిన లెక్కలను, ఎంత తప్పినవో ఆ భేదముతోసహా, ప్రతి సంవత్సరమును ప్రకటింపవలెను. ఇందు ఆయుధరహస్య మేమియు లేదు. గొట్టము ఎన్ని మిల్లీమీటర్లు వంగెనో తెలిసినంతమాత్రమున శత్రువు మనల నేమియు చేయలేడు; తెలియనియెడల మన గొట్టమే మనల చేయవచ్చును. నాలుగవది: రియాక్టరును గీయునపుడే, ఎక్కడ కొలువవలెను, ఏ పరికరముతో కొలువవలెను, ఏ తునకను తీసి పరీక్షింపవలెను అని నిర్ణయించి, దానికి చోటు విడువవలెను. కట్టిన పిమ్మట కిటికీ పెట్టుట కష్టము.

దీనికి కాలము పట్టునని, వ్యయమగునని కొంద రాక్షేపింతురు. నిజమే, పట్టును, అగును. కాని పికరింగున గొట్టములు మార్చిన కాలమెంత, కాక్రపార మూడేండ్లు నిలిచినందుకైన వ్యయమెంత యనియు అడుగవలసియున్నది. మరికొందరు, ఇట్లు ప్రశ్నించుట మన శాస్త్రజ్ఞుల ఉత్సాహమును చంపుననియు, అణుశక్తిని వలదనువారికి ఆయుధమగుననియు అందురు. మా యనుభవ మిందుకు విరుద్ధము. దాచిన పగులు బయటపడినపుడు ప్రజల విశ్వాసము పోవును. చెప్పిన పగులు విశ్వాసమును పెంచును. అణువిద్యుత్తు కావలెనని నిజముగా కోరువారే ఈ పరీక్షను ముందుగా కోరవలెను. బొగ్గు పొగకు బదులు వేరొక వెలుగును వెదకుకొను దేశమునకు, నమ్మదగిన రియాక్టరు ఎంత యవసరమో, దానిని నమ్ముటకు తగిన కారణమును అంతే యవసరము.

స్వయంపోషకత్వమును గూర్చి మన నాయకులు తరచుగా చెప్పుచుందురు. ఉక్కును మనమే కరగించుట, గొట్టమును మనమే సాగదీయుట, ప్రోగ్రామును మనమే వ్రాయుట అందు మొదటి మెట్లు. మన లెక్కలోని తప్పును, పరులు చెప్పకముందే, గొట్టము చెప్పకముందే, మనమే కనుగొనగలుగుట తుదిమెట్టు. కుండ కొనువాడు కుమ్మరి మాట వినును; విని, వ్రేలితో కొట్టి, ధ్వనిని విని, పిమ్మట డబ్బిచ్చును. కుమ్మరి దానికి కోపగింపడు. లక్ష మెగావాట్ల కుండలను కొనబోవు మనదేశము, ఒక్కొక్కదానిని కొట్టి చూచు హక్కును వదలుకొనరాదు. నియంత్రణ మండలివారు తమ క్రొత్త యధికారమును ఈ కార్యముతోనే ప్రారంభింతురని మేము ఆశించుచున్నాము.